బీథోవెన్ ఆరవ సింఫనీ: ఒక రైతుబిడ్డ విన్న తీరు

(తృతీయ సంవత్సరం బి.యస్సీ. విద్యార్థి)

పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం దొరల వ్యవహారమనీ, మనబోటి వాళ్ళకి ఎక్కదనీ మన హాస్టళ్ళలో ఒక గట్టి నమ్మకం. పాత సినిమాల్లో జమీందారు బంగళాలో పియానో మోగితే వినడమే తప్ప దానితో మనకి పని పడదు. నేను డెల్టా పల్లెటూరి వాణ్ణి. మాది నాలుగెకరాల వరి, గట్ల మీద కంది. మా ఇంట్లో సంగీతమంటే రేడియో, ధనుర్మాసంలో గుడి మైకు, పెళ్ళిళ్ళలో సన్నాయి మేళం. అలాంటి వాడికి రెండేళ్ళుగా బీథోవెన్ ఆరవ సింఫనీ తలలో కాపురం పెట్టింది. "సావనీరుకి ఏదైనా విజ్ఞానదాయకమైన వ్యాసం ఇవ్వు" అని సంపాదకవర్గం వారు అడిగారు. సెమీకండక్టర్ల మీద రాయమని వారి ఉద్దేశం కావచ్చు. నేను దీని మీద రాస్తున్నాను. ఇందులోనూ కొంత భౌతికశాస్త్రం ఉంది కనుక వారు మన్నిస్తారని ఆశ.

నేను ఆ రికార్డు దగ్గరికి వెళ్ళింది గాడి కోసం. మొదటి సంవత్సరంలో శబ్ద తరంగాల పాఠం నడుస్తుండగా, గ్రామఫోను రికార్డు మీది గాడిని సూక్ష్మదర్శినిలో చూడాలని బుద్ధి పుట్టింది. ఇంగ్లీషు శాఖ గదిలో ఒక పాత రికార్డు ప్లేయరు, బీరువాలో ముప్ఫై నలభై రికార్డులు ఉన్నాయి. ఎప్పుడో రిటైరైన మాష్టారొకరు ఇచ్చిపోయినవట. గాడిని చూశాను. సన్నటి కాలువకి గట్లు వంకరలు తిరిగినట్లు ఉంది. స్టీరియో రికార్డులో గాడి గోడలు రెండూ చెరొక 45 డిగ్రీల వాలులో ఉంటాయి. ఒక గోడ వంకరలు ఎడమ స్పీకరుకి, రెండో గోడ వంకరలు కుడి స్పీకరుకి పోతాయి. చూసి వెళ్ళిపోబోతుంటే మా లెక్చరరు గారు, "గాడి చూశావు కదా, అందులో ఏముందో కూడా విని వెళ్ళు" అని ముల్లు పెట్టి, తన క్లాసుకి తాను వెళ్ళిపోయారు. ఆపడం ఎలాగో నాకు తెలియదు. అందుచేత కూర్చుని విన్నాను.

అట్ట మీద "పాస్టోరల్" అని ఉంది. పశువులు మేపుకునేవాళ్ళ బతుక్కీ, పల్లెపట్టుకీ సంబంధించినదని ఆ మాటకి అర్థం. వాయించింది కొలంబియా సింఫనీ ఆర్కెస్ట్రా. నడిపించింది బ్రూనో వాల్టర్. 1958లో అమెరికాలో రికార్డు చేశారు. వాల్టర్ 1876లో బెర్లిన్‌లో పుట్టిన యూదుడు. నాజీలు అధికారానికి రాగానే 1933లో జర్మనీ విడిచాడు. 1938లో ఆస్ట్రియాలోనూ ఆయనకి చోటు లేకుండా పోయింది. ఈ రికార్డు చేసేనాటికి వయసు ఎనభై ఒకటి. ఈ సంగతులు తెలిశాక, ఆ వాయింపులో ఎక్కడా తొందర లేకపోవడం నాకు మరో విధంగా వినిపించింది.

ఇంకో మాట. ఈ సింఫనీ నిడివి దాదాపు నలభై నిమిషాలు. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డు ఒక్క వైపు నాలుగైదు నిమిషాలకి మించి పట్టేది కాదు. అంటే ఈ ఒక్క రచనకి నాలుగైదు రికార్డులు కావాలి, వింటూ వింటూ మాటిమాటికీ లేచి తిప్పాలి. 1948లో నిమిషానికి ముప్ఫై మూడుంబావు పైచిలుకు చుట్లు తిరిగే ఎల్.పి. వచ్చాక గానీ మొత్తం రెండు వైపుల్లోకి సర్దుకోలేదు. ఇవాళ ఫోనులో అసలు తిప్పే పనే లేదు. అయినా ఫోనులో విన్నప్పుడు నాకు మధ్యలో మెసేజీలు వస్తాయి. రికార్డుకి రావు.

ఇక పాఠంలోకి వద్దాం. సింఫనీ అంటే పెద్ద వాద్యబృందం కోసం రాసిన రచన. మామూలుగా నాలుగు భాగాలుంటాయి. ఒక్కొక్క భాగానిది ఒక్కొక్క నడక. సాధారణంగా మాటలుండవు. (బీథోవెన్ తొమ్మిదవ సింఫనీలో గాత్రం ఉంది, అది వేరే కథ.) మన సంగీతానికీ దీనికీ ముఖ్యమైన తేడా ఒకటుంది. మనకి రాగం ఒక్క దారిన నడుస్తుంది, గమకాలతో లోతుకి వెళ్తుంది. వాళ్ళకి ఒకే క్షణంలో నాలుగైదు దారులు నడుస్తాయి, అవి ఒకదానితో ఒకటి కలిసినప్పుడు పుట్టే రంగే వాళ్ళ సంపద. మనది ఒక్క నాగలితో లోతుగా దున్నే సేద్యం, వాళ్ళది ఎనిమిది అరకలు ఒకే చేలో దిగిన సేద్యం అని నేను గుర్తుపెట్టుకున్నాను. సంగీతం తెలిసినవారు నవ్వుకోవచ్చు.

మొదట విన్నప్పుడు చెవి ఏదో ఒక్క అరక వెంటే పోతుంది. వయొలిన్లని పట్టుకుంటే చెల్లోలు జారిపోతాయి. అందుకని నేను ప్రతిసారీ ఒక్క వాద్యాన్నే వెంబడించడం మొదలుపెట్టాను. ఒకసారి క్లారినెట్, ఒకసారి హారన్, ఒకసారి అన్నిటికన్నా కింద మంద్రంలో మూలిగే డబుల్ బాస్. ఇలా ఏడెనిమిది సార్లయ్యాక అన్నీ కలిపి వినడం దానంతటదే వచ్చింది.

స్వరాల విషయంలో భయపడవలసింది అంతకన్నా తక్కువ. ఈ సింఫనీ "ఎఫ్ మేజర్"లో ఉంది. మేజర్ స్వరక్రమం అంటే మన ధీరశంకరాభరణమే, 29వ మేళకర్త. మన ముత్తుస్వామి దీక్షితులు తాను విన్న పాశ్చాత్య బాణీలకి శంకరాభరణంలోనే సంస్కృత సాహిత్యం కట్టారు. వాటిని నోట్టుస్వరాలంటారు. కాలం చూసినా అంతే. త్యాగరాజు పుట్టింది 1767లో, బీథోవెన్ 1770లో. ఒకరు కావేరి ఒడ్డున తిరువయ్యారులో తెలుగులో కృతులు కడుతున్న రోజుల్లోనే మరొకరు వియన్నాలో ఈ సింఫనీలు రాస్తున్నారు.

ఇది మొదటిసారి ప్రదర్శించింది 1808 డిసెంబరు 22న, వియన్నాలోని థియేటర్ ఆన్ డేర్ వీన్ అనే నాటకశాలలో. ఇప్పుడు లోకమంతా ఎరిగిన ఐదవ సింఫనీ కూడా ఆ రాత్రే మొదటిసారి వినిపించారు. ఆ రోజు కార్యక్రమపత్రంలో రెండింటి సంఖ్యలూ తారుమారుగా ఉన్నాయి. దీన్ని ఐదవదిగా, దాన్ని ఆరవదిగా వేశారు. కచేరీ నాలుగు గంటలు సాగింది. హాలులో ఎముకలు కొరికే చలి. సాధన చాలక, చివరి అంశం మధ్యలో తప్పి మళ్ళీ మొదలుపెట్టవలసి వచ్చింది. మన కాలేజీ వార్షికోత్సవాలని తిట్టుకునేవాళ్ళు ఈ ముక్క గుర్తుంచుకోవాలి.

ఈ సింఫనీకి నాలుగు బదులు ఐదు భాగాలున్నాయి. చివరి మూడూ ఆగకుండా ఒకదానిలోంచి ఒకటి వస్తాయి. ప్రతి భాగానికీ బీథోవెన్ ఒక పేరు పెట్టాడు. అయితే ఇది బొమ్మ గీయడం కంటే మనసుకి తోచింది చెప్పడమే ఎక్కువని ముందే హెచ్చరించాడు కూడా.

మొదటి భాగం పల్లెకి చేరుకోగానే కలిగే హాయి. ఇందులో మధ్యన ఒక చిన్న స్వరాల ముక్క, నాలుగైదు స్వరాలకి మించదు, అలాగే మళ్ళీ మళ్ళీ పదుల సార్లు వస్తుంది. మొదట నాకు రికార్డు గీతపడి అక్కడే తిరుగుతోందేమో అనిపించింది. లేచి చూశాను, ముల్లు ముందుకే పోతోంది. కొంచెం ఓపిక పడితే తెలుస్తుంది. ముక్క మారదు గానీ దాని కింద ఉన్న ఆధార శ్రుతి ఒక్కసారిగా మారుతుంది, చేను మీదనుంచి మబ్బునీడ తొలగిపోయినట్లు. ఊడ్పుల కాలంలో గట్టు మీద నిలబడి చూసినవాడికి ఈ పద్ధతి కొత్త కాదు. వంగడం, గుచ్చడం, వెనక్కి అడుగు. అదే పని వెయ్యిసార్లు. కాసేపటికి తలెత్తి చూస్తే సగం చేను పచ్చగా ఉంటుంది. విసుగుకీ హాయికీ మధ్య ఇంత సన్నటి గట్టు ఉంటుందని బీథోవెన్‌కి ఎలా తెలుసో!

రెండవ భాగం వాగు ఒడ్డున. ఇద్దరు చెల్లో వాద్యకారులు తంత్రులకి మ్యూట్లు తగిలించి, మిగతావాళ్ళతో కలవకుండా నీటి గలగలని నడిపిస్తూ పోతారు. బీథోవెన్ 1803 నాటి చిత్తుపుస్తకంలో వాగు శబ్దాన్ని స్వరాల్లో రాసుకుని, వాగు ఎంత పెద్దదైతే శబ్దం అంత మంద్రమని కూడా రాసుకున్నాడు. ఇది మా నాన్నకి తెలిసిన విషయమే. రాత్రిపూట నీళ్ళు పెట్టడానికి వెళ్ళినప్పుడు లైటు వేయకుండానే, చప్పుడుని బట్టి తూము ఎంత లేచిందో చెబుతాడు. తూము దగ్గర బొంగురు, బోదెలో సన్న గొంతు. దీనికి కారణం చాలా ఏళ్ళకి గానీ లెక్కకి అందలేదు. ఉట్రెక్ట్‌లో పనిచేసిన మిన్నార్ట్ అనే శాస్త్రజ్ఞుడు 1933లో, పారే నీళ్ళ గలగలకి మూలం నీళ్ళలో చిక్కుకుని కంపించే గాలిబుడగలని చూపి, వాటికి సూత్రం కట్టాడు. ఒక మిల్లీమీటరు వ్యాసార్థం ఉన్న బుడగ సెకనుకి సుమారు 3,300 సార్లు కంపిస్తుంది. సెంటీమీటరు వ్యాసార్థమైతే సుమారు 330. బుడగ పెరిగేకొద్దీ గొంతు దిగుతుంది. లేబొరేటరీలో ఈ లెక్క నేను చేసిన రోజు రాత్రి ఆ రెండవ భాగం మళ్ళీ విన్నాను. లెక్క తెలిసినందువల్ల వాగు అందం తగ్గలేదు.

ఈ భాగం చివర మూడు పిట్టలు కూస్తాయి. ఫ్లూటు మీద నైటింగేల్, ఒబో మీద పూరేడు, క్లారినెట్ల మీద కుకూ. కుకూ మన కోకిలకి చుట్టమే గానీ స్వభావం వేరు. దాని పిలుపు పై స్వరం నుంచి కింది స్వరానికి దిగుతుంది. మన కోకిల ఒక్కో కూతకీ ఇంకా ఇంకా పైకి ఎక్కుతుంది. పూరేడు మాత్రం మా మినుము చేలో ఉన్నట్లే ఉంది.

మూడవ భాగం పల్లె జనం ఆటపాట. నాకు నవ్వొచ్చిన చోటు ఇదే. ఒబో, మన సన్నాయి లాగే జంట రెల్లుపుల్లలతో పలికే వాద్యం, తాళానికి కాస్త తప్పి దూకుతుంది. దాని కింద బసూన్ వాయించేవాడికి వచ్చినవి రెండే స్వరాలు. అవే అప్పుడప్పుడూ వేసి ఊరుకుంటాడు. తెల్లవారుజామున ముహూర్తం పెళ్ళికి వచ్చిన మేళంలో శ్రుతిపెట్టె పట్టుకుని జోగే మనిషిని చూసినవాళ్ళకి వివరించనక్కరలేదు. ఇలా వాయించే పల్లెటూరి మేళగాళ్ళని బీథోవెన్ చూశాడు. చూసి వెక్కిరించలేదు, వాళ్ళని సింఫనీలో కూర్చోబెట్టాడు. ఈ రచనని అంకితం ఇచ్చింది లోబ్‌కోవిట్జ్ అనే రాజుకీ, రజుమోవ్‌స్కీ అనే రష్యా ప్రభువుకీ. డబ్బు వాళ్ళది, నిజమే. కానీ ఆ నాటకశాలలో ఆ రాత్రి ప్రభువులు చలికి వణుకుతూ విన్నది రైతుల ఆటని. "నీకెందుకురా దొరల పాటలు" అనే నా రూమ్మేటుకి నేను చెప్పే జవాబు ఇదొక్కటే. ("ఇది వింటే ఉద్యోగం వస్తుందా" అని నాన్న అడిగినదానికి మాత్రం ఇంకా జవాబు దొరకలేదు.)

ఆట మధ్యలో, తాళం ముగియకముందే, చెల్లోలు, డబుల్ బాస్‌లు కిందనుంచి గొణుగుతాయి. నాలుగవ భాగం మొదలైంది. దీన్ని కొందరు తెలుగులో "తుఫాను" అంటారు. నాకు ఈ మాట మీద గట్టి అభ్యంతరం ఉంది. మా వైపు తుఫానంటే వేరు. 1977 నవంబరు 19న దివిసీమని ముంచిన ఉప్పెనలో వేలమంది పోయారు. మా తాతయ్యకి అప్పుడు ముప్ఫై ఏళ్ళు కూడా లేవు. ఆ రాత్రి గురించి ఆయన మా ఎవరికీ చెప్పింది లేదు, మేము అడిగిందీ లేదు. అది వెలిశాక మా వాళ్ళెవరూ పాట పాడలేదు. కనుక ఈ నాలుగవ భాగం తుఫానే అయితే, దాని వెనక వచ్చే కృతజ్ఞతాగీతాన్ని నేను ఒప్పుకోలేను. కానీ శ్రద్ధగా వినండి. ఇది నాలుగు నిమిషాల లోపు సంగతి. ముందు రెండవ వరస వయొలిన్లలో చుక్కలు చుక్కలుగా చినుకులు, తర్వాత ఒక్క దెబ్బన విరుచుకుపడే ఉరుము, కాసేపు పెనుగులాట, దూరంగా పోతూ పోతూ మరో రెండు గొణుగుళ్ళు. ఇది ఎండలు మండే నెలలో సాయంత్రం వచ్చిపోయే గాలివాన. మామిడికాయలు రాలుతాయి, పాక మీద తాటాకు లేస్తుంది, నేల మెత్తబడుతుంది. ఆ వానని తిట్టిన రైతుని నేను చూడలేదు. మాట సరిగ్గా పెడితే సింఫనీ కూడా సరిగ్గా వినిపిస్తుంది.

ఈ భాగంలో పనితనం చూడండి. టింపనీ అనే పెద్ద భేరీలు నలభై నిమిషాల రచనలో ఈ ఒక్క భాగంలోనే మోగుతాయి. అప్పటిదాకా వాటిని వాయించేవాడు చేతులు కట్టుకుని కూర్చోవలసిందే. పికలో అనే పిల్ల ఫ్లూటు కూడా ఇక్కడే కీచుమంటుంది. ట్రాంబోన్లు ఇక్కడే మొదటిసారి నోరు విప్పుతాయి. అన్నిటికన్నా నన్ను ఆశ్చర్యపరిచింది కింది తంత్రులు. చెల్లోలు ఒక కాలంలో ఐదు స్వరాలు వాయిస్తుంటే, అదే కాలంలో డబుల్ బాస్‌లు నాలుగే వాయిస్తాయి. ఐదూ నాలుగూ కలవవు, స్వరాలు ఒకదాని మీద ఒకటి పడి బురదగా మారతాయి. అదే ఉరుము. స్పష్టంగా వినబడకూడదని లెక్క కట్టి రాశాడన్నమాట.

వాన వెలుస్తుంది. ఒబో ఒక పొడుగాటి గీత గీస్తుంది, ఫ్లూటు ఒక మెట్లవరస ఎక్కుతుంది, అక్కడ ఆగకుండానే ఐదవ భాగం. గొల్లవాడి పాట, వాన తర్వాతి సంతోషం, కృతజ్ఞత. ముందు క్లారినెట్ ఒక్కటే పిలుస్తుంది, తర్వాత హారన్ అందుకుంటుంది, ఆ తర్వాత వయొలిన్లు.

ఈ గొల్లవాడి వెనక ఒక సంగతి ఉంది. బీథోవెన్‌కి ముప్ఫై ఏళ్ళు నిండకముందే చెవుడు మొదలైంది. 1802లో వియన్నా బయట హైలిగెన్‌స్టాట్ అనే పల్లెలో ఉంటూ, అక్టోబరులో తన తమ్ముళ్ళకి ఒక ఉత్తరం రాశాడు. పంపలేదు. 1827లో ఆయన పోయిన తర్వాత కాగితాల్లో దొరికింది. పక్కన నిలబడిన మనిషికి దూరం నుంచి వేణువు వినబడుతుంటే తనకి వినబడలేదనీ, గొల్లవాడు పాడుతుంటే అదీ వినబడలేదనీ, ఇలాంటివి తనని చావు అంచుదాకా తీసుకుపోయాయనీ, కళ ఒక్కటే ఆపిందనీ అందులో రాసుకున్నాడు. ఆరేళ్ళ తర్వాత ఈ సింఫనీ. 1808 నాటికి పూర్తి చెవుడు రాలేదు. ఆ కచేరీలో ఆయనే పియానో వాయించాడు కూడా. అయినా ఏ గొల్లవాడి పాట తనకి అందలేదో ఆ పాటని తానే రాసి, రెండువేల పైగా గడిచిన రాత్రుల తర్వాత, ఒక నాటకశాల నిండా జనానికి వినిపించాడు. ఉత్తరం సంగతి చదివాక ఆ క్లారినెట్ పిలుపు వచ్చే చోట నేను పక్కవాళ్ళతో మాట్లాడలేను.

మా తాతయ్యకి పదేళ్ళుగా చెవులు వినబడవు. మోటారు సరిగ్గా నడుస్తోందో లేదో గొట్టం మీద అరచెయ్యి ఆనించి చూస్తాడు. మొన్న సంక్రాంతి సెలవుల్లో ఒక స్నేహితుడి స్పీకరు పెట్టె పట్టుకెళ్ళి, ఈ సింఫనీ పెట్టి, ఆయన చెయ్యి తీసి దాని మీద పెట్టాను. వాగు దగ్గర "ఏం లేదురా" అన్నాడు. పిట్టలూ లేవు. నాలుగవ భాగంలో టింపనీ మోగేసరికి చెయ్యి బిగించి, "ఏ మిల్లురా ఇది?" అని పెద్దగా అడిగాడు. వంటింట్లోంచి అమ్మ కూడా నవ్వింది. వాన అని నేలమీద వేలితో రాసి చూపించాను. తల ఊపాడు. ఐదవ భాగంలో ఆ పెట్టె మామూలుగా కొంచెం వణుకుతుంది, అంతకన్నా ఏమీ ఉండదు. ఆయన చెయ్యి తియ్యలేదు. అయిపోయాక కూడా కాసేపు అలాగే ఉంచి, "ఆపేశావేం?" అన్నాడు. మళ్ళీ పెట్టాను.

వినదలచినవారికి నా సలహా. మొదటి వైపుతో మొదలుపెట్టకండి. రికార్డు తిప్పి రెండవ వైపు వినండి. మేళగాళ్ళ ఆట, గాలివాన, గొల్లవాడి పాట, మూడూ కలిపి ఇరవై నిమిషాల లోపే. టింపనీ వాయించేవాడు ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపేశాడో ఒకసారి లెక్కపెట్టండి. ఆ తర్వాత వేరే రోజున మొదటి వైపు. ముగింపు దగ్గర తొందరపడి లేవకండి. అంతా సద్దుమణిగాక ఒక్క హారన్, నోటికి మ్యూట్ బిగించి, గొల్లవాడి పాటని ఊరి అవతల నుంచి వచ్చినట్లు మరొక్కసారి పలుకుతుంది, ఆ తర్వాతే చివరి రెండు దెబ్బలు. ఇంగ్లీషు శాఖ గది శనివారం మధ్యాహ్నాలు తెరిచే ఉంటుంది. ముల్లు మాత్రం పాతది, దింపేటప్పుడు నిదానంగా దింపాలి.